స్పీడు సరే, చెవి సంగతేంటి?

క్రాస్ ఎగ్జామినేషన్‌లో లాయర్ అంటాడు: "ఆ రోజు నువ్వసలు ఊళ్లోనే లేవు!" సాక్షి "అబద్ధం సార్" అంటాడు. జడ్జిగారు స్టెనోకు ఇంగ్లిష్‌లో చెబుతారు: "ఇట్ ఈజ్ నాట్ ట్రూ టు సజెస్ట్ దట్..." హడావిడిలో ఆ 'నాట్' ఎగిరిపోతే, ఊళ్లో లేనని సాక్షే ఒప్పుకున్నట్టవుతుంది. స్పెల్‌చెక్ దాన్ని పట్టుకోదు. వాక్యం శుభ్రంగానే ఉంది మరి!

లీగల్ ట్రాన్స్‌క్రిప్షన్, అంటే కోర్టులో, లాయర్ ఆఫీసులో చెప్పింది విని టైపు చేసే పని, నేర్చుకుందామని వచ్చేవాళ్లు ముందు అడిగేది నిమిషానికి ఎన్ని పదాలు కొట్టాలనే. ఇన్‌స్టిట్యూట్లూ ఆ లెక్కే చెబుతాయి. స్పీడు వద్దనను, అది గుమ్మం దాకా తీసుకెళ్తుంది. లోపల పని చెవిది.

మన కింది కోర్టుల్లో సాక్షి తెలుగులో చెప్పింది చాలాసార్లు ఇంగ్లిష్‌లో రికార్డవుతుంది. "కొట్టాడంట" అన్నది "కొట్టాడు"గా దిగితే, ఎవరో చెప్పగా విన్న మాట కళ్లారా చూసిన సాక్ష్యమైపోతుంది. కాగితాల గుర్తులూ అంతే. సివిల్ దావాలో ప్రతివాది దాఖలు చేసినవి బి-1, బి-2. క్రిమినల్ కేసులో ప్రాసిక్యూషన్‌వి పి-1, పి-2. ఆడియోలో బి, పి ఒకేలా వినిపిస్తాయి. అది ఏ రకం కేసో తెలిసినవాళ్లే సరిగ్గా రాస్తారు.

లాయర్ ఆఫీసులో ఇంకో రకం చిక్కు. వాట్సాప్ వాయిస్‌లో "సర్వే నంబర్ నూటనలభై... రెండు" అని వస్తుంది. అది 142యా, 140/2యా? ఊహించి కొట్టేస్తే వేరేవాళ్ల పొలం మీద దావా వేసినట్టే. ఆడియోలో అది ఎన్నో నిమిషంలో వచ్చిందో రాసి, అక్కడ ఖాళీ వదిలి, అడగాలి. అడగడం నామోషీ అనుకునేవాళ్లు ఈ పనికి రాకపోవడమే మేలు.

ఇదంతా ఏఐ చేసేస్తుందిగా అంటారు. సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరి 21న శివసేన కేసు విచారణలో ఏఐతో లైవ్ ట్రాన్స్‌క్రిప్షన్ మొదలుపెట్టింది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడితే ఇబ్బందేనని, సాయంత్రానికల్లా తప్పులు సరిదిద్దే సిబ్బంది ఉన్నారని అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ ఆ రోజే చెప్పారు. ఉద్యోగం ఆ సాయంత్రం పనిలో ఉంది. ఇన్‌స్టిట్యూట్లు మాత్రం ఇంకా స్పీడుగా కొట్టే పొద్దుటి పనే నేర్పుతున్నాయి.

ఫీజు కట్టేముందు ఒక పని చేయొచ్చు. రాజ్యాంగ ధర్మాసనం విచారణ వీడియో ఒకటి తీసుకుని, పది నిమిషాలు విని టైపు చేసి, సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో పెట్టిన ప్రతితో పోల్చి చూసుకోండి. ముందు 'నాట్'లు లెక్కపెట్టండి.