థర్టీ ఫార్టీ సైటులో జామెట్రీ పాఠం

బెంగళూరులో ఐదో తరగతి పిల్లాడికి కూడా ‘థర్టీ ఫార్టీ’ అంటే తెలుసు. ఇంట్లో పెద్దవాళ్లు రోజూ మాట్లాడుకునేది దాని గురించే కదా. ముప్పై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు, 1200 చదరపు అడుగుల సైటు. అయితే 20×60 సైటు కూడా 1200 చదరపు అడుగులే. ‘మరి రెండింటికీ కాంపౌండు గోడ ఖర్చు ఒకటేనా?’ అని అడిగి చూడండి. ఒకటే అంటాడు. లెక్కల్లో తొంభై అయిదు తెచ్చుకునే పిల్లలూ అదే అంటారు. నిజానికి మొదటిదానికి గోడ 140 అడుగులు, రెండోదానికి 160.

మారతహళ్లిలో మా ఇంటికి ఆదివారాలు కొందరు పిల్లలు లెక్కలకు వస్తారు. నాలుగు నుంచి ఆరు దాకా చదువుతున్నవాళ్లు, ఎక్కువమంది తెలుగిళ్ల పిల్లలే. ‘లెంగ్త్ ఇంటూ బ్రెడ్త్’ నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఆ గుణకారంతో దేన్ని లెక్కపెడుతున్నామంటే మాత్రం మొహాలు చూసుకుంటారు. తప్పు వాళ్లది కాదు. చుట్టుకొలత, వైశాల్యం చాలాచోట్ల ఒకే పాఠంగా, ఒకదాని వెనకే ఒకటి రెండు సూత్రాలుగా వచ్చి పడతాయి. రెండింట్లోనూ అవే పొడవు వెడల్పులు. చివరికి పిల్లాడికి మిగిలేది కూడాలా, గుణించాలా అన్న అనుమానమే.

సూత్రం ఓ ఏడాది ఆలస్యమైనా కొంప మునగదని నా అభిప్రాయం. ముందు నేల మీద కూర్చోబెట్టాలి. 10×12 గదిలో రెండడుగుల చదరపు టైల్స్ ఎన్ని పడతాయో వేలు పెట్టి లెక్కపెట్టనివ్వాలి: ముప్పై. తర్వాత పన్నెండు అగ్గిపుల్లలిచ్చి దీర్ఘచతురస్రాలు పేర్చమనాలి. ప్రతిసారీ పుల్లలు పన్నెండే, చుట్టుకొలత మారదు. లోపలి గళ్లు మాత్రం మూడుకి మూడు పేరిస్తే తొమ్మిది, రెండుకి నాలుగైతే ఎనిమిది, ఒకటికి అయిదైతే అయిదే. దీన్ని చేత్తో చేసిన పిల్ల గోడనీ నేలనీ మళ్లీ కలిపేయడం నేను చూడలేదు.

రెండో చిక్కు బొమ్మలది. చతురస్రాన్ని ఎప్పుడు గీసినా అడుగు గీత నోట్‌బుక్ గీతకు సమాంతరంగానే ఉంటుంది. దాన్ని కాస్త తిప్పి మూల మీద నిలబెడితే పిల్లలందరూ ‘డైమండ్’ అంటారు. భుజాలు మారలేదు, కోణాలు మారలేదు, పేరు మాత్రం మారిపోయింది. పిల్లలు ముందు ఆకారాన్ని మొత్తంగా చూసి గుర్తుపడతారని, లక్షణాలను బట్టి పోల్చుకోవడం ఆ తర్వాతి మెట్టు అని 1957లోనే నెదర్లాండ్స్‌కు చెందిన పియరీ వాన్ హీలే, డీనా వాన్ హీలే దంపతులు తమ పరిశోధనల్లో చెప్పారు. మెట్టు దాటడానికి వయసొక్కటే చాలదు, చేసే పని కావాలన్నది వాళ్ల వాదన. 2024లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతి పుస్తకంలో చతురస్రాన్ని తిప్పి చూపించారు. మంచిదే. కానీ ఆరో తరగతి దాకా ఆగడం దేనికి?

ఇక్కడ మన భాష సాయం చేస్తుంది, అడ్డం కూడా పడుతుంది. ఇంగ్లీషు మీడియం పిల్లలు మంత్రంలా బట్టీ పట్టే ‘ఐసోసిలిస్’ త్రిభుజాన్ని తెలుగులో సమద్విబాహు అంటే, రెండు భుజాలు సమానమన్న అర్థం పేరులోనే ఉంది, కన్నడలోనూ అదే మాట. దీర్ఘచతురస్రం దగ్గర మాత్రం ఇబ్బంది. ‘పొడుగ్గా ఉంటేనే కదా అంకుల్ దీర్ఘం, చతురస్రం దీర్ఘచతురస్రం ఎలా అవుతుంది?’ అని ఒక పాప నిలదీసింది. మాట ప్రకారం ఆమె న్యాయం ఆమెకుంది. నాలుగు లంబకోణాలుంటే చాలు, పొడుగు షరతు కాదని ఒప్పించడానికి రెండు ఆదివారాలు పట్టింది. ఆ రెండు ఆదివారాల వాదనే అసలు పాఠమని నేననుకుంటాను. నలభై మంది ఉన్న క్లాసులో టీచరుకి అంత తీరిక ఎక్కడిదంటే, నిజమే, నా దగ్గర జవాబు లేదు. (కంపాస్ బాక్సులో రెండు సెట్ స్క్వేర్లు మాత్రం ఏ క్లాసులోనైనా కొన్న రోజు మెరుపుతోనే ఉంటాయి.)

మా వీధి చివర థర్టీ ఫార్టీ కొలతతోనే ఈ మధ్య ఒక ఇంటికి ముగ్గు పోశారు. పునాది గీతల్ని సున్నంతో గీయడాన్ని అలాగే అంటారు. పిల్లల్ని తీసుకెళ్లాను. అనంతపురం వైపు మేస్త్రీ మూల దగ్గర తాడు మీద ఒక వైపు మూడడుగులు, ఇంకో వైపు నాలుగడుగులు గుర్తు పెట్టి, మధ్య దూరం అయిదు వచ్చి మూల లంబకోణమయ్యేదాకా తాడు జరిపాడు. ‘మూల తప్పితే రూములన్నీ వంకరే సార్’ అన్నాడు. తర్వాత టేపుతో ఒక మూల నుంచి దాని ఎదురు మూలకి, మిగతా రెండు మూలల మధ్య కూడా కొలిచాడు. రెండూ యాభై. 30, 40, 50 అంటే పదింతల మూడు నాలుగు అయిదే అని ఆరో తరగతి కుర్రాడు గుర్తుపట్టాడు.

తిరిగొస్తూ అడిగాడు: ‘అంటే రెండు కర్ణాలు సమానమైతే దీర్ఘచతురస్రమేనా?’ నేను నోరు తెరిచేలోపే నిలదీసిన పాప పుల్ల తీసుకుని మట్టిలో బొమ్మ గీసింది. కింద వెడల్పు, పైన ఇరుకు, రెండు వైపులా ఒకే వాలు. కర్ణాలు కొలిచి చూపించింది, రెండూ సమానమే. కుర్రాడు కాసేపు దాన్నే చూసి, మేస్త్రీ ముందు ఎదురెదురు భుజాలు కూడా కొలిచాడా లేదా అని కనుక్కోవడానికి వెనక్కి పరిగెత్తాడు.