తెల్ల పులి కాదు, మూషిక జింకను చూపించండి

సెలవు రోజున హైదరాబాద్ జూకి వెళ్లి, తెల్ల పులి ఉన్న చోట కాసేపు నిలబడండి. కందకం ముందు ఇసుకేస్తే రాలనంత జనం. నాన్న భుజాల మీద పిల్లాడు, నాన్న చేతిలో పైకెత్తిన ఫోన్. పులి మాత్రం నీడలో పడుకుని ఉంటుంది. అది లేవడం లేదని ఈలలు, కేకలు. జూలో శబ్దాలు చేసి జంతువులను ఇబ్బంది పెట్టకూడదని వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతున్నా ఎవరికీ పట్టదు. పులి ఒక్కసారి చెవి ఆడిస్తే చాలు, సంబరమే.

ఈ సంబరం కోసం మన జూలలో తెల్ల పులులను పుట్టించడం ఇక ఆపాలి. తెల్ల పులి ప్రత్యేక జాతేమీ కాదు, జన్యులోపంతో రంగు మారిన మామూలు పులి. 1951లో నేటి మధ్యప్రదేశ్‌లోని రీవా అడవుల్లో పట్టుకున్న మోహన్ అనే కూనను పెంచి, దాన్ని సొంత కూతురితోనే జత కట్టించారు. 1958లో తెల్ల కూనలు పుట్టాయి. నేడు ప్రపంచంలోని జూలలో కనిపించే తెల్ల పులుల్లో చాలావాటి మూలం అక్కడే ఉంది. రంగు పోకూడదని రక్తసంబంధంలోనే జత కట్టిస్తూ పోవడంతో మెల్లకన్ను, వెన్నెముక లోపాలు వాటి వెంటపడ్డాయి. అమెరికా జూల సంఘం 2011లోనే తన సభ్య జూలలో ఈ పద్ధతిని నిషేధించింది. ఇలా పుట్టిన పులిని అడవిలో వదలాలన్న ఆలోచన ఎవరికీ లేదు.

నిజంగా చూపించుకోవాల్సిన గొప్ప పని ఇదే జూలో జరిగింది. పేరు మూషిక జింక. ఎత్తు అడుగు కూడా ఉండదు, బరువు మూడు కిలోలు అటూ ఇటూ. పెన్సిల్ లాంటి కాళ్లు, ఒంటి మీద తెల్లటి చుక్కలు, చారలు, ముఖానికి మించిన కళ్లు. పేరుకు జింకే గానీ కొమ్ములుండవు. చీకటి పడ్డాకే బయటికొచ్చి రాలిన పండ్లు తింటుంది, ఆ గింజలను అడవంతా చల్లుతుంది. 2010లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన, అంతరించే జంతువులను కాపాడే ప్రయోగశాల లాకోన్స్ శాస్త్రవేత్తలు, జూ సిబ్బంది కలిసి దీని సంతతిని పెంచడం మొదలుపెట్టారు. 2017లో కొన్నింటిని నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి తీసుకెళ్లి, ముందు కంచెలో ఉంచి అలవాటు చేసి, తర్వాత అడవిలోకి వదిలారు. జూ అనేది ఎందుకుండాలి అని ఎవరడిగినా నేను ఈ ఒక్క సంగతే చెబుతాను. పట్టుకొచ్చి బంధించడం ఎవరైనా చేస్తారు. పెంచి తిరిగి అడవికి అప్పగించడం ఎంతమందికి చేతనవుతుంది?

తెల్ల పులి లేకపోతే జనం రారు, టికెట్ల డబ్బు రాదు అంటారు. ఏనుగు, సింహం, జిరాఫీ, నీటిగుర్రం ఉన్న జూకి ఆ భయం అక్కర్లేదు. ఇప్పుడున్న తెల్ల పులులను చివరిదాకా బాగా చూసుకోమనే నేనూ అంటున్నాను. కొత్తవాటిని పుట్టించొద్దు, అంతే.

అసలు బాధ ఇంకొకటుంది. మన పిల్లలకు ఆఫ్రికా జిరాఫీ తెలుసు, ఆస్ట్రేలియా కంగారూ తెలుసు. నల్లమలలో ఎవరుంటారో తెలియదు. శ్రీశైలం వెళ్లేటప్పుడు ఆ అడవి మధ్య నుంచే వెళతాం, కారు అద్దాలు దించి కోతులకు చిప్స్ విసురుతాం. 2019లో అక్కడ యురేనియం కోసం తవ్వుతారన్నప్పుడు చెంచులు, ఊళ్ల జనం గట్టిగా నిలబడ్డారు, తెలంగాణ అసెంబ్లీ కూడా వ్యతిరేకంగా తీర్మానం చేసింది. రేపు మళ్లీ అలాంటి ప్రతిపాదన వస్తే, తమకు పరిచయం లేని అడవి కోసం నగరం పిల్లలు ఎందుకు మాట్లాడతారు?

అందుకే జూ గేటు దాటగానే మొదట కనిపించాల్సింది నల్లమల. మూషిక జింక కథ పెద్ద బొమ్మలతో, తెలుగులో, పదేళ్ల పిల్లలు తామే చదువుకునేలా అక్కడ ఉండాలి. బడి పిల్లల ఎక్స్‌కర్షన్ కూడా అక్కడి నుంచే మొదలవ్వాలి.