దోనెకి తారు పూయకండి బాబూ

మా మరిది హైదరాబాదు నుంచి వచ్చినప్పుడల్లా మండువాలో నిలబడి పైకి చూసి ఒకటే మాట. "వదినా, ఇంకెన్నాళ్ళు ఈ కారే కొంపలో? పడగొట్టి స్లాబ్ వేసేద్దాం." మొన్న ఆగస్టులో కూడా అదే అన్నాడు, అదీ నేను వేసిచ్చిన పెసరట్టు తింటూ. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ మంట చల్లారక ముందే ఇది రాసేస్తున్నా. జరిగింది మా ఇంట్లోనే గానీ, అంబాజీపేట వైపు చూసినా పాలకొల్లు వైపు చూసినా పాత పెంకుటిళ్ళలో ఇదే భాగోతం.

మా ఇల్లు అంతా కారదండి. కారేది ఒక్కచోట. పెద్దింటి కప్పు ఇటునుంచీ, వంటింటి కప్పు అటునుంచీ దిగొచ్చి కలిసేచోట ఒక దోనె ఉంది, అంటే వాననీళ్ళు పట్టి బయటికి పంపే కాలువ. పన్నెండు అడుగుల పొడుగు, అడుగు వెడల్పు. కింద టేకు బల్లలు పరిచి, వాటిమీద జింకు రేకు వంచి కూర్చోబెట్టారు, మా ఆయన తాతగారి కాలంలో. కిందనుంచి చూస్తే అక్కడ దోనె ఉన్నట్టే తెలీదు, కప్పులో కలిసిపోయి ఉంటుంది. చూరుకి వేలాడే గొట్టం చిల్లు పడితే నీళ్ళు నేలమీద పడతాయి, చూసి బాగుచేయించుకుంటాం. ఇది చిల్లు పడితే నీళ్ళు బల్లలోకీ, వాసాల్లోకీ, గోడలోకీ దిగుతాయి. గోడమీద మరక కనపడేసరికి లోపల పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. పైగా మరక ఉన్నచోట చిల్లు ఉండదు. నీళ్ళు వాసం పట్టుకుని నాలుగడుగులు నడిచి, తీరిగ్గా ఉప్పుల గూట్లో దిగుతాయి.

ఆ దోనెకి ఎంత నీళ్ళొస్తాయో ఎప్పుడైనా లెక్కేశారా? చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు. రెండు కప్పులూ కలిపి దానిలోకి దిగేది సుమారు 650 చదరపు అడుగులు, అంటే 60 చదరపు మీటర్లు. వాయుగుండం పట్టినప్పుడు గంటకి 50 మిల్లీమీటర్లు కొట్టిందనుకోండి, గంటలో 3,000 లీటర్లు. మేడమీద పెట్టుకునే వెయ్యి లీటర్ల ట్యాంకులు మూడు. అదంతా పోవాల్సింది మూడంగుళాల కంతలోంచి. ఆ కంతలో కొబ్బరి పూత, పిందెలు, ఒక కాకి గూడు తాలూకు పుల్లలు.

ఇక మన వైద్యం చూడండి.

1996 నవంబరు 6 రాత్రి తుపానుకి మా తోట సగం పడిపోయింది, పెంకులు గాలికి లేచిపోయాయి. తర్వాత పెంకు నేయించినప్పుడు, దోనె అంచున గట్టిగా ఉంటుందని సిమెంటు కూరారు. మా మావగారు దగ్గరుండి కూరించారు పాపం, మంచిపనే అనుకుని. అక్కణ్ణుంచి మొదలు. రెండు వానాకాలాలు తిరక్కుండా చెమ్మ. ఒకాయన వచ్చి తారు పూశాడు. తర్వాత ఇంకొకాయన ఆ తారు మీద గోనెగుడ్డ పరిచి మళ్ళీ తారు. ఆ తర్వాత తెల్లటి రసాయనం ఏదో, పదేళ్ళ గ్యారంటీ అన్నాడు, గ్యారంటీ కాగితం మాత్రం మా బీరువాలో చెక్కుచెదరకుండా ఉంది. ఆఖర్న మా ఆయన యూట్యూబు చూసి సొంతంగా ఒక ట్యూబు సీలెంటు. ప్రతిసారీ ఒక వాన ఆగేది. ఆ ఒక్క వానకే మనం మురిసిపోయేవాళ్ళం.

ఈసారి పట్టుబట్టి అటు మూడు వరసలు, ఇటు మూడు వరసలు పెంకు తీయించి, దోనెలో ఉన్నదంతా గీకించాను. నేనే నిచ్చెనెక్కి కూర్చున్నా, మా ఆయన కింద నిలబడి "పడతావే, దిగు" అంటూనే ఉన్నారు. గీకుతుంటే పొరలు పొరలుగా వచ్చింది, కాజా విప్పినట్టు. తారు, గోనె, తారు, తెల్లపొర. అట్టడుగున అసలు రేకు బయటపడ్డాక నేనూ మేస్త్రీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నడిమధ్యన రేకు ఇప్పటికీ బాగుంది! బూడిదరంగులో నున్నగా. పోయింది మూడుచోట్లే. సిమెంటు తగిలిన అంచు పొడుగునా, మేకులు కొట్టినచోట, రెండు రేకులు కలిసే అతుకు దగ్గర.

సిమెంటుకీ జింకుకీ పడదండి. జింకు రేకంటే ఇనుము మీద జింకు పూతే కదా. తడి సిమెంటులో ఉండే క్షారం ఆ పూతని తినేస్తుంది, ఆపైన ఇనుముకి తుప్పు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇటు సముద్రపు ఉప్పుగాలి ఉండనే ఉంది. మేకుల సంగతి వేరు. రేకు ఎండకి సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. మేకు కొట్టి కదలకుండా బిగిస్తే రోజూ ఆ మేకు దగ్గరే లాగుడు, ఏదో ఒకరోజు చిరుగుతుంది. ఇక తారు. ఎండకి పగుళ్ళు తీస్తుంది, ఆ పగుళ్ళలోంచి నీళ్ళు కిందికి దిగుతాయి, దిగినవి ఆరడానికి దారుండదు. రేకుకీ తారుకీ మధ్య నిలవున్న నీళ్ళు రేకుని తింటూ కూర్చుంటాయి. పైగా ఒకసారి తారు పట్టిన రేకుకి మాటు, అంటే తగరం కరిగించి పోసే అతుకు, అతకదు. అంటే రూపాయి ఖర్చుతో చిన్న మాటు వేసుకుని పోయేదాన్ని మొత్తం రేకు మార్చే స్థితికి తెచ్చుకున్నాం.

బల్ల సంగతి చెప్తే మీకు భయమేస్తుంది. స్క్రూడ్రైవరు పెట్టి నొక్కితే రెండంగుళాలు దిగిపోయింది, నానిన అటుకుల్లోకి దిగినట్టు. అది టేకు! తాటివాసం ఒకదాని కొస చేతిలోకి పీచుగా వచ్చేసింది. పక్కనే రెండడుగుల అవతల అదే టేకు గోరు దిగనివ్వదు.

పని చేసినాయన పెద్దాయన, ఒకప్పుడు ఊరూరా తిరిగి ఇత్తడి బిందెలకి మాట్లు వేసేవాడు. ఇప్పుడు బిందెలెక్కడివి? ఏసీల వాళ్ళకి రాగిగొట్టాలు అతుకుతున్నాడు. ఆయన చేసిన తీరు కాస్త వివరంగా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. కుళ్ళిన బల్ల కోసేసి కొత్తది వేశాడు. పాత దోనెకి వాలు పోయి మధ్యలో నీళ్ళు నిలబడేవి, అందుకని బల్లమీద సన్నంగా చెక్కిన పలకలు పెట్టి పన్నెండు అడుగులకీ ఒకటిన్నర అంగుళం వాలు తెచ్చాడు. దానిమీద దళసరి కాగితం పరిచాడు, రేకు బల్లకి అంటుకోకుండా జారడానికి. రాగి రేకు వేయించాం. దాన్ని ఎక్కడా మేకుతో పొడవలేదు. రాగి పట్టీలు చిన్నవి వంచి, ఒక కొస బల్లకి రాగిమేకుతో కొట్టి, రెండో కొసని రేకు అంచుకి మడత తగిలించాడు. రేకు అటూ ఇటూ కదలొచ్చు గానీ లేవదు. ఎంత కదులుతుంది అంటారా? పన్నెండు అడుగుల రాగి తెల్లవారుజామున 20 డిగ్రీలు ఉండి, మిట్టమధ్యాహ్నం ఎండకి 70 డిగ్రీలెక్కితే మూడు మిల్లీమీటర్లు సాగుతుంది. చూడ్డానికి చిన్నదే. మేకుకి పెద్దది.

అతుకు దగ్గర ఆయన చూపించిన శ్రద్ధ నేను మర్చిపోలేను. రెండు అంచులూ రుద్ది, ముందు విడివిడిగా తగరం పట్టించి, ఒకదానిమీద ఒకటి పెట్టి రివిట్లు కొట్టి, అప్పుడు కాల్చిన ఇనుముతో నెమ్మదిగా తగరం పోశాడు. "మీదమీద పూస్తే లాభం లేదమ్మగారూ, అతుకు లోపలికి పీల్చుకోవాలండి" అన్నాడు. నిజంగానే ఆ మెరుపు ఒక్కక్షణం అంచున నిలబడి, చటుక్కున సందులోకి వెళ్ళిపోయింది. వాడింది సీసం కలిసిన తగరం. మా అత్తగారు వాననీళ్ళు పట్టి కందిపప్పు ఉడకబెట్టేవారు, మెత్తగా ఉడుకుతుందని. ఆ పని ఇక వద్దని ఇంట్లో చెప్పేశాను. బట్టలకీ, మొక్కలకీ పట్టుకోవచ్చు. తాగాలనుకునే వాళ్ళు సీసం లేని తగరం అడిగి వేయించుకోండి.

ఇంకో సంగతి. మా పక్కవీధిలో ఒకాయన పైన రాగి వేయించి, కింద నీళ్ళు దిగే తూముకి మాత్రం పాత జింకుదే ఉంచేశాడు, డబ్బు కలిసొస్తుందని. రాగి మీంచి పారిన నీళ్ళు జింకుని వదలవు. తూము జల్లెడైంది. వేస్తే రెండూ ఒకటే వేయండి, లేదంటే మొత్తం జింకే వేయించుకుని అంచుల్లో సిమెంటు లేకుండా చూసుకోండి, దానికీ బోలెడు ఆయుష్షు ఉంటుంది.

ఇదేదో మన పల్లెటూరి గోల అనుకోకండి. అమెరికాలో పాత ఇళ్ళకీ చూరు లోపలే చెక్కపెట్టెలాగ దోనె కట్టేవారట, లోపల తగరం-సీసం పూత రేకు గానీ, రాగి గానీ. ఆ పూత రేకుకి వేళకి రంగు వేస్తూ ఉండాలి, మానేస్తే తుప్పు. అక్కడా జనం తారు పూసి పాడుచేసుకున్నారని మా మేనకోడలు ఫోన్లో చెప్తే నాకు అదో తృప్తి.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ డెల్టాలో వరి డబ్బు కళ్ళజూసిన వాళ్ళు బర్మా టేకు తెప్పించి ఇళ్ళు కట్టుకున్నారు. ఆ టేకు ఇప్పుడు కొనగలరా ఎవరైనా? పడగొట్టిన ఇళ్ళ దూలాలు, ద్వారబంధాలు లారీలెక్కి ఎక్కడికి పోతున్నాయో, ఎంతకి పోతున్నాయో మా మరిదిని అడగండి. నా చెవిన కూడా పడింది లెండి ఆ రేటు.

పని అయ్యాక కంతకి గుడ్డ కుక్కి, దోనె నిండా నీళ్ళు పోయించి, నీటిమట్టం దగ్గర సుద్దగీత గీశాడు పెద్దాయన. రాత్రంతా అలా వదిలేశాం. పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా ఎక్కి చూశా. గీతకి వెంట్రుకవాసి కింద ఉన్నాయి నీళ్ళు. గుండె జారింది. "ఆయ్, కాకులు స్నానాలు చేశాయండి" అన్నాడు కిందనుంచి. నిజమే, ఒకటి ఇంకా రెక్కలు విదిలిస్తూ పెంకుమీదే కూర్చుని ఉంది. లోపల వంటింట్లో వాసాలన్నీ చెయ్యి పెట్టి తడిమాను, పొడి. ఆఖర్న దోనె పెరటివైపు కొసని అంగుళం లోతున గంటు పెట్టించాం, కంత పూడుకుపోయినా నీళ్ళు వంటింట్లోకి రాకుండా పెరట్లోకి దూకడానికి.

మండువా మూలల్లో ఇంకా నాలుగు దోనెలున్నాయి. దసరా వెళ్ళాక వస్తానన్నాడు పెద్దాయన. మిగిలిన తారు డబ్బా ఈలోగా మా ఆయన కంటపడకుండా ధాన్యం గదిలో దాచాను.