మొహం చూసి ఫీజు

ఆదాయపు పన్ను రిటర్నులు వేసే జులై వచ్చిందంటే నెల్లూరు ట్రంకురోడ్డులోనూ ఒంగోలు కర్నూలు రోడ్డులోనూ చిన్న చిన్న గదుల్లో కూర్చునే టాక్స్ కన్సల్టెంట్ల దగ్గర చెప్పులు విడవడానికి చోటుండదు. లోపలున్న టీచరమ్మకు ఒక రేటు, ఆమె వెనకే వచ్చిన చీమకుర్తి గ్రానైట్ లారీ ఓనరుకు ఇంకో రేటు. రేట్లు వేరుగా ఉండటం తప్పేం కాదు, పని వేరు కదా. ఆ రేటు ఎలా వచ్చిందో ఆ ఇద్దరిలో ఒక్కరికీ తెలియకపోవడమే మా అభ్యంతరం. మెడలో గొలుసు లావెంత, వచ్చింది బైకు మీదా కారులోనా, ఎవరి పేరు చెప్పుకుని వచ్చారు, ఇలా మొహం చూసి బొట్టు పెట్టే పద్ధతే ఇంకా నడుస్తోంది.

కన్సల్టెంట్లను మాత్రమే అనడం అన్యాయం. "ఏంది సార్, నాలుగు బటన్లు నొక్కేదానికి తొమ్మిదొందలా? అవతలి వీధిలో మూడొందలే అంటుండారు" అని బేరం మొదలుపెట్టేది మనమే. డాక్టరు దగ్గర, లాయరు దగ్గర నోరెత్తని వాళ్లు కూడా ఇక్కడ చేపల మార్కెట్లో ఉన్నట్టు మాట్లాడతారు.

ఆ నాలుగు బటన్ల సంగతేంటో చూద్దాం. ఆ టీచరమ్మకు పాత డీఏ అరియర్లు ఈ ఏడాది ఒకేసారి పడ్డాయనుకోండి. జీతంతో కలిపితే పన్ను ఎక్కువవుతుంది, దానికి చట్టంలో రిలీఫ్ ఉంది. కానీ అది ఊరికే రాదు, ఏ అరియరు ఏ ఏడాదిదో విడగొట్టి, ఆయా ఏళ్ల ఆదాయం బయటికి తీసి, అప్పుడే ఇచ్చి ఉంటే ఎంత పన్ను పడేదో ఏడాదికేడాది లెక్కగట్టి, 10ఇ ఫారం వేసి, ఆ తర్వాత రిటర్ను వేయాలి. ఫారం వేయకుండా రిటర్నులో రిలీఫ్ అడిగితే డిపార్ట్‌మెంట్ కొట్టేస్తుంది. పైగా పాత పన్ను విధానమా కొత్త పన్ను విధానమా, ఏది లాభమో రెండు వైపులా లెక్క చూడాలి, ఏఐఎస్‌లో, అంటే మన ఆదాయాల మీద డిపార్ట్‌మెంట్ దగ్గరుండే పట్టీలో, కనిపించే బ్యాంకు వడ్డీ కలపాలి. మూడొందలకు కుదుర్చుకున్నాయన ఇంత చేస్తాడా? జీతమూ కోసిన పన్నూ చూపిస్తూ ఆఫీసు ఇచ్చే ఫారం 16లో ఉన్నది ఉన్నట్టు ఎక్కించి పంపేస్తాడు. ఆరొందలు మిగిలాయని ఆమె సంతోషపడుతుంది, పోయిన రిలీఫ్ సంగతి ఆమెకు ఎప్పటికీ తెలియదు.

మరి ఎంత తీసుకోవాలి? ఒక లెక్క వేద్దాం, ఎవరి పద్దూ కాదిది, ఊహించి వేస్తున్నదే. గది అద్దె ఎనిమిది వేలు, కుర్రాడి జీతం పన్నెండు వేలు, సాఫ్ట్‌వేరు, కరెంటు, నెట్టు కలిపి ఐదు వేలు, ఇంటికి పట్టుకెళ్లాల్సింది ముప్పై ఐదు వేలు. మొత్తం 60 వేలు. నెలకు 25 రోజులు, రోజుకు 8 గంటలు చొప్పున 200 గంటలు. అందులో సగం పోర్టల్ తెరుచుకునే దాకా చూస్తూ కూర్చోవడానికీ, "సార్, రిఫండ్ ఇంకా పడలేదు" అనే ఫోన్లకూ, మారిన రూల్సు చదువుకోవడానికీ పోతుంది, వాటికి పైసా ఇచ్చేవాళ్లుండరు. మిగిలిన 100 గంటలే ఆ 60 వేలూ తేవాలి, అంటే గంటకు 600. ఒక్క ఫారం 16తో వచ్చే ఉద్యోగి పని అరగంట, 300. అంటే అవతలి వీధి ఆయన మోసగాడేం కాదు, ఆ పనికి అది సరైన రేటే! టీచరమ్మ పని గంటన్నర, 900. ఇదీ సరైన రేటే. ఈ లెక్క కన్సల్టెంటు ఒక కాగితం మీద వేసి చూపిస్తే బేరం సగం అక్కడే ఆగిపోతుంది. చాలామంది చూపించరు, అసలు వేసుకున్నవాళ్లే తక్కువని మా అనుమానం.

జీఎస్టీ దగ్గర గొడవ ఇంకో రకం. స్టోన్‌హౌస్‌పేటలో హోల్‌సేల్ కొట్టుకు నెలకు ఇంత అని మాట్లాడుకుంటారు, బిల్లులు యాభై ఉన్నా ఐదొందలున్నా అంతే. 20వ తేదీ గడువైతే 19 సాయంత్రం సంచిలో బిల్లులు తెచ్చి బల్ల మీద గుమ్మరిస్తారు. గడువు దాటితే రోజుకు 50 రూపాయలు, వ్యాపారమేమీ లేని నిల్ రిటర్నుకైనా రోజుకు 20. అది ఎవరు కట్టాలన్నది మొదట్లోనే మాట్లాడుకోరు కాబట్టి ప్రతిసారీ టెన్షనే. బిల్లులు ఆలస్యంగా తెస్తే షాపు వాళ్లు, తెచ్చినా వేయకపోతే కన్సల్టెంటు, ఇంతకు మించి చెప్పడానికేం లేదు.

మేం గట్టిగా వద్దనేది రిఫండులో ఇంత శాతం అనే ఫీజును. రిఫండు పెరిగితే తన వాటా పెరిగే మనిషి, లేని ఇంటి అద్దె, కట్టని పాలసీ, ఇవ్వని విరాళం రాయకుండా ఎంతకాలం ఉంటాడు? 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల సోదాలు చేసింది ఇలాంటి దొంగ మినహాయింపుల మీదే, కమీషన్‌కు రిటర్నులు వేసిపెట్టే మధ్యవర్తుల మీదే. దొరికాక తప్పుడు వివరాలిచ్చినందుకు ఎగ్గొట్టిన పన్నుకు 200 శాతం దాకా పెనాల్టీ పడుతుంది. పడేది ఎవరి పాన్ మీద? మన పాన్ మీద. కమీషన్ తీసుకున్నాయన ఫోను అప్పటికి స్విచాఫ్.

చార్టర్డ్ అకౌంటెంట్లకు 1949 నాటి చట్టమే దీనికి అడ్డుకట్ట వేసింది. ఫలితాన్ని బట్టో లాభంలో శాతంగానో ఫీజు పుచ్చుకుంటే, కొన్ని మినహాయింపులు తప్ప, అది వృత్తిపరమైన తప్పు కింద లెక్క. బీకాం చదివి సొంతంగా ఆఫీసు పెట్టుకున్నవాళ్లకు ఆ చట్టం వర్తించదు. 2006లో కేంద్రం టాక్స్ రిటర్న్ ప్రిపేరర్ల పథకం పెట్టినప్పుడు కమీషన్ ఉంది గానీ అది తిరగేసి ఉంది: తొలి ఏడాది, రిఫండులో కాదు, కట్టించిన పన్నులో 3 శాతం, వెయ్యి రూపాయలకు మించకుండా, సర్కారే ఇచ్చేది. అది 250కి తగ్గితే తేడా మాత్రం రిటర్ను వేయించుకున్నవాళ్ల దగ్గర తీసుకోవచ్చు. 250తో ఆఫీసు నడుస్తుందని ఢిల్లీలో ఎవరికి తోచిందో గానీ, శాతం ఏ వైపు ఉండాలో వాళ్లకైనా తెలుసు.

అలాగని ఊళ్లో కన్సల్టెంట్లంతా మీటింగు పెట్టుకుని ఒకే రేటు ఖాయం చేయాలని మేం అనడం లేదు, కుమ్మక్కై ధర నిర్ణయిస్తే అది కాంపిటీషన్ చట్టానికి చిక్కే వ్యవహారం. ఎవరి రేటు వాళ్లే గోడ మీద రాసి పెట్టాలి, జీతం రిటర్నుకు ఇంత, అరియర్లుంటే ఇంత, నోటీసుకు జవాబు వేరుగా ఇంత అని. డబ్బు తీసుకున్నాక రసీదివ్వాలి. ఊరందరి పన్ను లెక్కలు రాసే ఆఫీసు తన ఫీజుకు రసీదు ఇవ్వకపోవడం ఏం మర్యాద?

ఇంకొకటుంది. తక్కువ ఫీజుకు చేస్తామన్న కొందరు మన ఈ-ఫైలింగ్ ఖాతాలో తమ సెల్ నంబరూ తమ మెయిలూ పెట్టుకుంటారు. ఓటీపీ వాళ్లకే, నోటీసు వాళ్లకే. రెండో ఏడాది ఫీజు రెట్టింపు చేసినా ఇంకో చోటికి పోలేం, పాస్‌వర్డ్ అడిగితే "పాత బాకీ ఉంది" అంటారు. ఆధార్‌కు మీ నంబరు లింకై ఉంటే ఆధార్ ఓటీపీతో పాస్‌వర్డ్ మీరే మార్చుకోవచ్చు, లోపలికి వెళ్లాక ప్రొఫైల్‌లో ఎవరి నంబరుందో చూసి మీది పెట్టుకోవచ్చు. పోర్టల్ మీద రద్దీ పెరగక ముందే ఈ పని చేసుకోండి.