పొదుగు వాపుకు ప్రోబయోటిక్ ప్యాకెట్టా? ముందు ఏ చన్నో చూడండి

పాలలో పెచ్చులు కనిపించి, పొదుగు గట్టిపడిందని మందుల దుకాణానికి వెళ్లిన రైతుకు చన్నులో ఎక్కించే ట్యూబుతో పాటు ప్రోబయోటిక్ ప్యాకెట్టు కూడా అంటగట్టడం మామూలైపోయింది. ‘దాణాలో కలపండి, మళ్లీ పొదుగు పాడవదు’ అన్న హామీ దానికి తోడు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒకటి రెండు జెర్సీ సంకర ఆవుల మీద ఇల్లు గడిపే కుటుంబాలకు అది చిన్న ఖర్చేమీ కాదు. ఆ హామీలో కొంత నిజం ఉంది. ఎంతవరకు నిజమో తెలియకుండా కొంటే డబ్బూ పోతుంది, జబ్బూ చన్నులోనే ఉండిపోతుంది.

ప్రోబయోటిక్ అంటే మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులు. ఆవుల దాణాలో ఎక్కువగా వాడేది శాకరోమైసిస్ సెరవీసియే అనే ఈస్ట్. లాక్టోబాసిల్లస్, ఎంటెరోకాకస్, బాసిల్లస్ అనే బాక్టీరియా జాతులూ వాడుకలో ఉన్నాయి. వీటిలో ఏదీ నేరుగా పొదుగులోకి వెళ్లి అక్కడి క్రిములను చంపదు. ఈస్ట్ పని అంతా పెద్ద పొట్టలోనే. మేతతో లోపలికి వెళ్లిన ప్రాణవాయువును అది వాడేసుకుంటుంది. గాలి తగిలితే బతకలేని, పీచును అరిగించే బాక్టీరియాకు దానివల్ల బలం వస్తుంది. లాక్టిక్ ఆమ్లాన్ని తినేసే బాక్టీరియా కూడా పెరుగుతుంది కాబట్టి పొట్టలో పులుపు హద్దు దాటదు.

పొదుగుకు దీనితో సంబంధం ఇక్కడే ఉంది. పొట్టలో పీహెచ్ (పులుపు కొలత; ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) రోజూ గంటల తరబడి 5.8 కంటే కిందే ఉంటే చాలా బాక్టీరియా చచ్చిపోతుంది. వాటి గోడల నుంచి ఎండోటాక్సిన్ అనే విషం విడుదలవుతుంది. పులుపుకు పొట్ట లోపలి పొర దెబ్బతింటుంది కాబట్టి ఆ విషం రక్తంలోకి చేరే వీలుంటుంది. కాలేయం మీద భారం పడుతుంది, ఒంట్లో రోగనిరోధక శక్తి ఆ పనికే ఖర్చయిపోతుంది. అలాంటి ఆవు చన్నులోకి క్రిమి దూరితే ఎదుర్కోవడం కష్టం. పొట్ట పులిసిన ఆవుకు ఈస్ట్ ఇస్తే పొదుగుకు మేలు జరిగే అవకాశం ఉందనడానికి ఆధారం ఇదే. పొట్ట బాగున్న ఆవుకు ఇస్తే ఆ మేలు కనిపించకపోవచ్చు. ఈస్ట్ మీద జరిగిన పరిశోధనల్లో పాల దిగుబడి కొంత పెరిగిన దాఖలాలు ఎక్కువ. పొదుగు ఆరోగ్యానికి కొలమానమైన సొమాటిక్ కణాల సంఖ్య (పాలలోకి వచ్చే కణాల లెక్క, తక్కువుంటే మంచిది) మాత్రం కొన్నిటిలో తగ్గింది, కొన్నిటిలో తేడాయే లేదు.

మన దగ్గర పొట్ట పులియడానికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు. ఏడాదిలో చాలా నెలలు వరిగడ్డే మేత. దాని మీద తవుడు, చిట్టు, నూకల జావ, ఈమధ్య చవగ్గా దొరికే మొక్కజొన్న పిండి. పాలు పెరగాలని జావ బకెట్టు పెంచుతూ పోతారు. ఉడికించిన పిండిపదార్థం పొట్టలో చాలా వేగంగా పులుస్తుంది. కనుమ నాడు పొంగలి, అమ్మవారి సంబరాల తర్వాత మిగిలిన అన్నం గంపెడు పెట్టేసిన మర్నాడు ఆవు మేత ముట్టకపోవడం ప్రతి పల్లెకూ తెలిసిన సంగతే. కానీ ఎక్కువ నష్టం ఆ ఒక్క రోజుతో రాదు. రోజూ కొంచెం కొంచెంగా, బయటికి కనబడకుండా పులిసే పొట్టతో వస్తుంది. పేడ ఒకరోజు గట్టిగా, ఒకరోజు పలచగా పడుతూ, అందులో నురగ, అరగని గింజ కనిపిస్తాయి. పాల కేంద్రంలో వెన్న శాతం పడిపోతుంది. తీరిగ్గా పడుకున్న ఆవు నెమరు వేస్తుంటే ఒక్కో ముద్దకు ఎన్నిసార్లు నమిలిందో లెక్కపెట్టండి. యాభై నుంచి డెబ్బై దాకా ఉండాలి. నలభై కూడా దాటకుండానే మింగేస్తోందంటే మేతలో పీచు చాలలేదని అర్థం.

అలాంటప్పుడు కూడా మొదటి మందు ప్యాకెట్టు కాదు, దాణా లెక్క. ఒంటి పోషణకు ఒకటిన్నర కిలోలు, ఆపైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున లెక్క వేస్తే, పది లీటర్ల ఆవుకు రోజుకు ఐదున్నర కిలోల దాణా వస్తుంది. దాన్ని ఒకేసారి కుమ్మరించకుండా మూడు పూటలుగా పెట్టాలి. ముందు కొంత వరిగడ్డి, తర్వాత దాణా. దాణా మార్చాలంటే పది పన్నెండు రోజులు పట్టించాలి. వరిగడ్డిలో విటమిన్ ‘ఇ’ దాదాపు ఉండదు. పొదుగులో క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలకు ఆ విటమిను, సెలీనియం, జింకు, రాగి చాలా అవసరం. రోజూ చాలినంత పచ్చగడ్డి, 50 గ్రాముల ఖనిజ మిశ్రమం పెట్టని చోట ఈస్ట్ మీద ఆశ పెట్టుకోవడం వృథా.

ఇక అసలు విషయం. దాణాలో ఏది కలిపినా దాని ప్రభావం నాలుగు చన్నులకూ సమానంగా అందుతుంది. పొదుగు వాపు మాత్రం సాధారణంగా ఒక చన్నునో రెండిటినో పట్టుకుంటుంది. పొదుగులో నాలుగు భాగాలూ విడివిడి గదులు, ఒకదాని పాలు ఒకదానిలోకి పోవు. అందుకే ప్యాకెట్టు కొనేముందు సీఎంటీ (కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్) అనే పొదుగు వాపు పరీక్ష చేయాలి. మొదటి ధారలు తీసేసి, నాలుగు గిన్నెల పళ్లెంలో ఒక్కో చన్ను నుంచి ఒక్కో గిన్నెలోకి రెండు మిల్లీలీటర్ల పాలు పిండాలి. అంతే ద్రావణం పోసి పది సెకన్లు గుండ్రంగా తిప్పాలి. పాలు నీళ్లలా కదిలితే మంచిది, జిగురుగా చిక్కబడితే ఆ చన్నులో జబ్బు ఉన్నట్టే, పైకి పాలు తెల్లగా కనిపించినా సరే. ద్రావణం దొరక్కపోతే అర లీటరు నీళ్లలో 15 గ్రాముల బట్టల సబ్బు పొడి కలిపి వాడినా పని జరుగుతుంది. ఈనిన మొదటి వారంలోనూ, వట్టిపోయే ముందు పాలు బాగా తగ్గినప్పుడూ ఈ పరీక్షను నమ్మకూడదు.

ఒక్క గిన్నె చిక్కబడి మూడు పలచగా ఉంటే అది చన్ను రంధ్రం గుండా వచ్చిన క్రిమి. ప్రోబయోటిక్‌తో పోదు. ముఖ్యంగా స్టఫిలోకాకస్ ఆరియస్ అనే క్రిమి పొదుగు కండలో గూడు కట్టుకుని కూర్చుంటుంది. దానికి యాంటీబయోటిక్కే సరిగా అందదు, పొట్టలోని ఈస్ట్ ఏం చేస్తుంది? నాలుగూ కొంచెం కొంచెంగా చిక్కబడి, పేడా వెన్నా కూడా తేడాగా ఉంటే అప్పుడు మేతను అనుమానించడంలో అర్థముంది.

చన్ను రంధ్రం పాలు తీసిన తర్వాత అరగంట, ఒక్కోసారి గంట దాకా తెరుచుకునే ఉంటుంది. ఆవు అప్పుడే పేడలో, బురదలో పడుకుంటే ఈ.కోలి, క్లెబ్సియెల్లా అనే క్రిములు లోపలికి పోతాయి. తుపాను వానలకు శాల నేల రోజుల తరబడి ఆరని ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో మన దగ్గర ఈ ముప్పు మరీ ఎక్కువ. దాణా ముందు పెట్టి పాలు తీయడం అలవాటు. పచ్చగడ్డి మాత్రం తీసిన తర్వాత వేస్తే ఆవు నిలబడి తింటుంది, ఆలోపు రంధ్రం మూసుకుంటుంది. పాలు తీయగానే ప్రతి చన్నునూ అర శాతం అయోడిన్ ద్రావణంలో ముంచాలి. పొదుగంతా నీళ్లతో తడపకూడదు. చన్నులు మాత్రమే కడిగి, పొడి గుడ్డతో తుడిచి, మొదటి మూడు నాలుగు ధారలు నల్ల గుడ్డ కట్టిన గిన్నెలోకి తీసి పెచ్చులున్నాయేమో చూడాలి. నేల మీదికి పిండితే ఆ క్రిములు శాలంతా పాకుతాయి. బొటనవేలు మడిచి లాగే పద్ధతి చన్ను లోపలి పొరను చిదిపేస్తుంది, పిడికిలితో తీయాలి. జబ్బు ఆవును అన్నిటికన్నా ఆఖర్న పిండాలి.

ఇవన్నీ చేస్తూ, పొట్ట పులిసిన లక్షణాలు కూడా ఉంటే అప్పుడు ఈస్ట్ కొనండి. ఈనడానికి మూడు వారాల ముందు నుంచి ఈనిన రెండు నెలల దాకా ఇవ్వడం మేలు. దాణా ఒక్కసారిగా పెరిగేదీ, ఒంటి రోగనిరోధక శక్తి తగ్గేదీ అప్పుడే. ప్యాకెట్టు మీద సూక్ష్మజీవి పేరు, గ్రాముకు ఎన్ని బతికున్న కణాలో, అంటే సీఎఫ్‌యూ లెక్క, తయారీ తేదీ, గడువు ఉండాలి. ‘ప్రోబయోటిక్స్ కలిగినది’ అని మాత్రమే రాసి ఉంటే కొనకండి. పరిశోధనల్లో వాడే ఈస్ట్ మోతాదు సాధారణంగా ఆవుకు రోజుకు వెయ్యి కోట్ల కణాలు, అంతకు పైనే. గ్రాముకు 10 కోట్లు ఉన్న పొడిని రోజుకు 25 గ్రాములు వేసినా అందేది 250 కోట్లే. గ్రాముకు 500 కోట్లుంటే ఐదు గ్రాములకే 2,500 కోట్లు అందుతాయి. ప్యాకెట్టు ధరను కాకుండా ఈ లెక్కను పోల్చి చూడాలి.

ఎంత మంచి సరుకైనా వేడి కుడితిలో కలిపితే ఈస్ట్ చచ్చిపోతుంది. చాలా ఇళ్లలో జరిగేది అదే. పొడి దాణాలో గానీ చల్లారిన కుడితిలో గానీ కలిపి వెంటనే పెట్టాలి. రేకుల శాలలో గోడకు వేలాడదీసిన విప్పిన సంచి వేసవిలో పనికిరాకుండా పోతుంది. తడి తగలని డబ్బాలో, చల్లని చోట ఉంచాలి.

ప్యాకెట్టు వాడాక వారంలో పొదుగు వాపు తగ్గిందని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. తేలికపాటి వాపు చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది, ఆ ఘనత ప్యాకెట్టు ఖాతాలో పడుతుంది. పాల కేంద్రం రసీదులో వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు) ఉంటాయి గానీ ఏ చన్ను చెడిందో ఉండదు. అందుకే దాణా, మందులు అమ్మే ప్రతి చోటా సీఎంటీ పళ్లెం కూడా దొరకాలని, నెలకోసారైనా ఊళ్లో ఆ పరీక్ష జరగాలని పాల సంఘాలను గట్టిగా అడగాలి. గరివిడి పశువైద్య కళాశాల, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం లాంటివి దగ్గర్లోనే ఉండగా ఇది అసాధ్యమేమీ కాదు. ఆలోపు రైతు చేయగలిగింది ఒకటుంది. ఈస్ట్ మొదలుపెట్టే రోజున నాలుగు చన్నుల సీఎంటీ ఫలితం, ఆ వారపు వెన్న శాతం క్యాలెండర్ మీద రాసి పెట్టుకోవాలి. ఆరు వారాల తర్వాత మళ్లీ చూసి తేడా లేకపోతే ప్యాకెట్టు ఆపేసి, ఆ డబ్బుతో అయోడిన్ సీసా, పచ్చగడ్డి పిలకలు కొనాలి.