నాసదీయ సూక్తాన్ని బిగ్ బ్యాంగ్ ఫార్వర్డ్ చేయకండి

"బిగ్ బ్యాంగ్ గురించి మన ఋషులు ఎప్పుడో చెప్పేశారు" అంటూ నాసదీయ సూక్తం మళ్ళీ తిరుగుతోంది. మా బంధువుల గ్రూపులో వచ్చింది, ఆఫీసు గ్రూపులోనూ వచ్చింది. కింద వరసగా దణ్ణాలు. చూసిన ప్రతిసారీ నాకు బాధా కోపం రెండూ వస్తాయి. ఆ సూక్తం మీద గౌరవం లేక కాదు, ఉండబట్టే.

ఋగ్వేదం పదో మండలం, 129వ సూక్తం. ఏడే మంత్రాలు. ఈ మెసేజుల్లో కనిపించేది ఎప్పుడూ మొదటి మంత్రమే: అప్పుడు అసత్తూ (లేనిదీ) లేదు, సత్తూ (ఉన్నదీ) లేదు. ఏడో మంత్రం దాకా ఎవరూ రారు. అక్కడేముందో తెలుసా? ఈ సృష్టి ఎక్కణ్ణుంచి వచ్చిందో, దీన్ని ఎవరైనా నిలబెట్టారో లేదో, పైనుంచి చూస్తున్న అధ్యక్షుడికే తెలియాలి, ఏమో, ఆయనకీ తెలియదేమో! "సో అంగ వేద యది వా న వేద." అంతే, సూక్తం అయిపోయింది.

అదే మంత్రంలో రెండో పాదం ఒకసారి వేళ్ళ మీద లెక్కపెట్టండి: "యది వా దధే యది వా న". ఈ సూక్తం ఛందస్సు త్రిష్టుప్పు, అందులో పాదానికి 11 అక్షరాలు ఉండాలి. ఇక్కడ తొమ్మిదే ఉన్నాయి. "నిలబెట్టాడో, లేక..." అన్నాక రెండోసారి రావాల్సిన "దధే" రాలేదు. లోటు కూడా సరిగ్గా ఆ రెండక్షరాలే. ఆ కవి కావాలనే అక్కడ ఖాళీ వదిలాడని నా నమ్మకం. వేల ఏళ్ళ కిందట ఒక మనిషి అంత ధైర్యంగా వదిలేసిన ఖాళీలో మనం బిగ్ బ్యాంగ్ కుక్కేసి, చూశారా మనకి ముందే తెలుసు అని చంకలు గుద్దుకుంటున్నాం. ఇది ఆయనకి చేసే గౌరవమా?

అసలు ప్రశ్న చాలా చిన్నది. ఏదైనా ఎందుకు ఉంది? ఏమీ లేకుండా ఎందుకు పోలేదు? 1714లో జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ దీన్ని సూటిగా అడిగాడు. ఏమీ లేకపోవడమే సులువు, సరళం కదా, మరి ఇదంతా ఎందుకొచ్చిందని ఆయన సందేహం. దేవుడే కారణమని ఆయనే జవాబు చెప్పుకున్నాడు. సరే, మరి దేవుడెందుకున్నాడు? ఆయన స్వయంభువు, ఆయనకి కారణం అక్కర్లేదు అంటారు. 1948లో బీబీసీ రేడియోలో కాపుల్‌స్టన్ అనే జెస్యూట్ ఫాదర్‌తో వాదిస్తూ బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్ ఆ మాటే విశ్వం గురించి అన్నాడు. విశ్వం ఉంది, అంతే, ఇంకేమీ లేదన్నాడు. ఒకరు దేవుడి దగ్గర ఆగారు, ఇంకొకరు ఒక మెట్టు ముందే ఆగారు. ఎక్కడో ఒకచోట "అంతే" అనక ఇద్దరికీ తప్పలేదు.

సైన్స్ అభిమానులతోనూ నాకు పేచీ ఉంది. నేనూ సైన్స్ మనిషినే, అందుకే ఇంకా గట్టిగా అంటున్నాను. క్వాంటం శూన్యం నుంచి విశ్వం దానంతట అదే పుట్టిందని, ప్రశ్న తీరిపోయిందని భౌతికశాస్త్రవేత్త లారెన్స్ క్రౌస్ 2012లో ఏకంగా పుస్తకమే రాశాడు. కానీ ఆ శూన్యంలో ఎంత సరుకుందో చూడండి. శూన్యంలో రెండు లోహపు పలకల్ని బాగా దగ్గరగా పెడితే, వాటికి విద్యుదావేశం లేకపోయినా ఒకదాన్నొకటి లాక్కుంటాయని 1948లోనే డచ్ భౌతికశాస్త్రవేత్త కాజిమిర్ లెక్కగట్టాడు. 1997లో దాన్ని కచ్చితంగా కొలిచారు కూడా. పలకల్ని కదిలించే శూన్యం "ఏమీ లేకపోవడం" ఎలా అవుతుంది? అందులో క్షేత్రాలు (ఫీల్డ్స్) ఉన్నాయి, నియమాలున్నాయి. అవి ఎందుకున్నాయన్నదే కదా మన ప్రశ్న! తత్వవేత్త డేవిడ్ ఆల్బర్ట్ 2012లోనే న్యూయార్క్ టైమ్స్‌లో క్రౌస్ పుస్తకాన్ని సమీక్షిస్తూ సరిగ్గా ఇదే పట్టుకున్నాడు.

సైన్స్ చేతకానిదని కాదు నేననేది. తొలి విశ్వంలో పదార్థం, ప్రతిపదార్థం (యాంటీమేటర్) ఒకదాన్నొకటి మాయం చేసుకున్నప్పుడు, వంద కోట్లకి సుమారు ఒక్క కణం మిగిలింది. ఆ మిగులే నక్షత్రాలు, సముద్రాలు, మనం. ఎందుకు మిగిలిందో వెతకొచ్చు, వెతుకుతున్నారు. ప్రకృతి ఈ రెంటినీ ఒకేలా చూడదని 1964లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో భౌతికశాస్త్రవేత్తలు క్రోనిన్, ఫిచ్ ప్రయోగం చేసి చూపించారు. ఆ తేడా చాలదు, ఇంకా వెతకాలి. ఎంత అందమైన పని! అది పూర్తయినా, లెక్క మొదలవడానికి అవసరమైన నియమాలు ఎక్కడివన్నది అలాగే ఉంటుంది.

తొమ్మిదో తరగతి చదివే మా అక్క కూతురు ఆ మధ్య "పిన్నీ, ఏమీ లేకపోతే చీకటిగా ఉంటుందా?" అని అడిగింది. క్లాసులో అడిగితే సిలబస్‌లో లేదు, కూర్చోమన్నారట. సిలబస్‌లో లేదు నిజమే, ఆ వయసులో ఇంతకంటే మంచి ప్రశ్న ఉందా? చీకటి కూడా ఉండదే అన్నాను. మరి ఎలా ఉంటుంది అంది. పోతన గుర్తొచ్చాడు. గజేంద్రమోక్షంలో లోకాలు, లోకేశులు, లోకస్థులు అన్నిటినీ తీసేశాక కూడా "పెంజీకటి", అంటే పెనుచీకటి, మిగిలింది. దానికవతల వెలిగేవాడూ మిగిలాడు. అంతటి కవి ఊహలోనూ శూన్యం పూర్తిగా ఖాళీ కాలేదు.

అందుకే నాకు లైబ్నిజ్ మొదలుపెట్టిన చోటే అనుమానం. ఏమీ లేకపోవడం సులువని ఎవరు చెప్పారు? అలాంటి స్థితిని ఎవరైనా ఎప్పుడైనా చూశారా? ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడనే ఋషి కొడుకుతో రివర్స్‌లో అంటాడు: లేనిదాన్నుంచి ఉన్నది ఎలా పుడుతుంది నాయనా, మొదట ఉన్నది సత్తే. నా మొగ్గు ఇటే. ఇదీ "ఉంది, అంతే" కదా, రస్సెల్‌కీ ఈయనకీ తేడా ఏమిటంటారా? రస్సెల్ ఆ మాటతో సంభాషణ ముగించాడు. ఉద్దాలకుడు మొదలుపెట్టాడు. కొడుకు చేత మర్రిపండు తెప్పించి పగలగొట్టించాడు, గింజ చీల్చి ఏం కనిపిస్తోందో చెప్పమన్నాడు, నీళ్ళలో ఉప్పు కలిపించి రుచి చూడమన్నాడు.

మా పిల్లకి ఇద్దరి మాటా చెప్పాను. దానికి రస్సెల్ నచ్చాడు. మా వాదన ఇంకా నడుస్తోంది.