రెండు పాయింట్లు, ఒక వాగు: 1917లో సిడ్నీ రగ్బీ లీగ్

గ్లీబ్, ఆనన్‌డేల్ సిడ్నీలో పక్కపక్కనే ఉండే పేటలు. జాన్‌స్టన్స్ క్రీక్ అనే చిన్న వాగు ఈ రెంటినీ విడదీస్తుంది. 1917 చలికాలంలో డాన్ డేవీస్ అనే ఆటగాడు ఈ రెండు పేటల్లో దేనికి చెందుతాడన్న తగవు వచ్చింది. అది తెగేసరికి ఒక జట్టు రెండు పాయింట్లు పోగొట్టుకుంది, ఆ జట్టు ఆటగాళ్ళు సమ్మెకి దిగారు, డేవీస్ మీద జీవితకాల నిషేధం పడింది. అప్పటికి యూరప్‌లో యుద్ధం మొదలై మూడేళ్ళు. రోజూ పేపర్లో చనిపోయినవాళ్ళ జాబితాలు వస్తున్న ఊళ్ళో ఇంత చిన్న విషయానికి అంత రభస ఎందుకైంది?

యుద్ధకాలపు సిడ్నీ రగ్బీ లీగ్ గురించి మామూలుగా చెప్పే మాట ఒకటుంది: పెద్దింటివాళ్ళ రగ్బీ యూనియన్ ఆట మానేసి యుద్ధానికి పోయింది, కార్మికుల రగ్బీ లీగ్ ఆడుతూనే ఉండి బతికింది అని. ఇందులో సగమే నిజం. లీగ్ బతికింది పేటని పట్టుకుని బతికింది. ఎవరి పేట జట్టుకి వాళ్ళే ఆడాలన్న నివాస నియమం దానికి వెన్నెముక. మనుషులు తగ్గిపోయిన కాలంలో ఆ వెన్నెముకే విరగబోయింది. అది విరిగే చప్పుడు 1917లో వినిపించింది.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. రగ్బీ లీగ్‌లో జట్టుకి 13 మంది, యూనియన్‌లో 15 మంది. ఈ రెండు ఆటలూ విడిపోయింది డబ్బు దగ్గర. ఆటలో దెబ్బతగిలి పనికి పోలేకపోయిన కూలివాడికి యూనియన్ పైసా ఇవ్వదు. అలెక్ బర్డన్ అనే ఆటగాడి గాయమే సిడ్నీలో ఆ అసంతృప్తికి ముఖం అయింది. 1907 ఆగస్టులో న్యూ సౌత్ వేల్స్ రగ్బీ ఫుట్‌బాల్ లీగ్ పుట్టింది. దాని తొలి కోశాధికారి ఎవరో తెలిస్తే మన క్రికెట్ అభిమానులు ఆశ్చర్యపోతారు: విక్టర్ ట్రంపర్. ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ ట్రంపరే. మార్కెట్ స్ట్రీట్‌లోని అతని ఆటసామాన్ల కొట్లోనే ఈ తిరుగుబాటు మంతనాలు జరిగాయి. 1908లో పేటల వారీగా క్లబ్బులు పెట్టి పోటీ మొదలుపెట్టారు.

1915 వచ్చేసరికి ఆడాలా మానాలా అన్న ప్రశ్న. సిడ్నీ రగ్బీ యూనియన్ పెద్దల పోటీలు ఆపేసింది. ఇంగ్లండ్‌లో రగ్బీ లీగ్‌కి మాతృసంస్థ అయిన నార్దర్న్ యూనియన్ కూడా ఆ ఏడాది తర్వాత అధికారిక లీగ్‌ను, కప్పులను పక్కనపెట్టింది. సిడ్నీ లీగ్ మాత్రం ఆపలేదు. అది దేశభక్తి లేకపోవడం వల్లేనన్న విమర్శకి లీగ్ దగ్గర బరువైన జవాబే ఉంది. 1909 నుంచి కార్యదర్శిగా పనిచేసి లీగ్‌ను నిలబెట్టిన టెడ్ లార్కిన్, అప్పటికి విలబీ నుంచి లేబర్ పార్టీ శాసనసభ్యుడు కూడా. అతను సార్జెంటుగా చేరి 1915 ఏప్రిల్ 25న, టర్కీ తీరంలోని గాలిపొలిలో దళాలు దిగిన మొదటి రోజే చనిపోయాడు. ఆ తర్వాత కొన్ని వారాలకే సిడ్నీలో సీజన్ నడుస్తోంది. అదే ఏడాది జూన్ 28న ట్రంపర్ కూడా జబ్బుచేసి 37 ఏళ్ళకే పోయాడు.

కార్మికులు యుద్ధానికి పోలేదు కాబట్టే లీగ్‌కి ఆటగాళ్ళు మిగిలారన్న వాదన నిలవదు. ఆస్ట్రేలియా సైన్యంలో చేరినవాళ్ళలో కూలీలు, చేతిపనివాళ్ళే ఎక్కువ. అక్కడ నిర్బంధ సైనికసేవ లేదు. దాన్ని తేవాలని 1916 అక్టోబర్ 28న ఒకసారి, 1917 డిసెంబర్ 20న ఇంకోసారి ప్రజల ఓటు అడిగారు. రెండుసార్లూ జనం కాదన్నారు. 1917 సీజన్ సరిగ్గా ఈ రెండు ఓట్ల మధ్య జరిగింది. ఆడే వయసున్న ప్రతి మగవాడినీ ‘నువ్వింకా ఎందుకు పోలేదు’ అని వీధి నిలదీస్తున్న కాలం అది. ఆటగాళ్ళనే గురిపెట్టి ‘స్పోర్ట్స్‌మెన్స్ థౌజండ్’ పేరుతో ఆ ఏడాదే సైన్యంలో చేర్చుకునే ప్రచారం నడిచింది.

మెల్‌బోర్న్‌తో పోల్చితే సిడ్నీ గట్టిదనం తెలుస్తుంది. అక్కడి విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్ (అది రగ్బీ కాదు, ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) 1916లో నాలుగంటే నాలుగు జట్లకి కుంచించుకుపోయింది. నాలుగింటిలో చివరన నిలిచిన ఫిట్జ్‌రాయ్, నాలుగు జట్లూ ఫైనల్స్‌కి పోయే పద్ధతి పుణ్యమా అని అదే ఏడాది ఛాంపియన్ కూడా అయింది. సిడ్నీలో ఎనిమిది జట్లూ నిలబడ్డాయి: బాల్‌మేన్, గ్లీబ్, ఆనన్‌డేల్, న్యూటౌన్, సౌత్ సిడ్నీ, ఈస్టర్న్ సబర్బ్స్, వెస్టర్న్ సబర్బ్స్, నార్త్ సిడ్నీ. ఒక్కటీ తప్పుకోలేదు.

నిలబడ్డం ఎంత కష్టమో లెక్క వేస్తే అర్థమవుతుంది. ఎనిమిది జట్లకీ మొదటి శ్రేణికే శనివారం శనివారం 104 మంది కావాలి. ప్రతి క్లబ్బుకీ దాని కింద రిజర్వు శ్రేణి, మూడో శ్రేణి జట్లు ఉంటాయి. పై జట్టులో గాయమైతే కిందనుంచే మనిషి ఎక్కాలి. ఆట మధ్యలో మనిషిని మార్చే వీలు అప్పట్లో లేదు. ఇరవయ్యో నిమిషంలో ఒకడి భుజం జారితే మిగతా గంటసేపూ 12 మందితోనే లాగాలి. ట్యాకిల్స్‌కి, అంటే బంతి పట్టుకున్నవాణ్ణి ఎదుటివాళ్ళు పట్టి పడగొట్టడానికి, పరిమితి కూడా లేదు కాబట్టి బంతి చిక్కినవాళ్ళు ఎంతసేపైనా తమ దగ్గరే అట్టిపెట్టుకోవచ్చు. బంతి కోసం ముందుండి పెనుగులాడే ఫార్వర్డ్ ఒకడు తగ్గాడంటే బంతి చేతికి రావడమే గగనం. అందుకే స్కోర్లు తక్కువ. 1916లో టైటిల్‌ని తేల్చిన మ్యాచ్‌లో బాల్‌మేన్ సౌత్ సిడ్నీని 5-3తో ఓడించింది. బంతిని ఎదుటివాళ్ళ గీత అవతల నేలకి ఆనిస్తే ట్రై, తన్ని గోలు స్తంభాల మధ్యనుంచి పంపితే గోల్. అప్పట్లో ట్రైకి 3, గోల్‌కి 2 పాయింట్లు. అంటే చెరో ట్రై. తేడా ఒక్క గోల్. ఇంత సన్నని అంచుల మీద నడిచే పోటీలో ఒక మంచి ఆటగాడు ఎటు ఉంటాడన్నది చిన్న విషయం కాదు.

ఇక నివాస నియమం. ఐపీఎల్ వేలాలకి అలవాటుపడ్డ మనకి ఇది వింతగా ఉంటుంది. ఏ క్లబ్బు పరిధిలో నీ ఇల్లుందో ఆ క్లబ్బుకే నువ్వు ఆడాలి; డబ్బెక్కువిచ్చే జట్టుకి పోతానంటే కుదరదు. దీనివల్ల రెండు లాభాలు. డబ్బున్న క్లబ్బు పేద క్లబ్బుని దోచుకోలేదు. పైగా జట్టు అంటే పక్కింటివాడు, రేవులో పనివాడు, అదే చర్చికి పోయేవాడు; కాబట్టి యుద్ధం వచ్చినా జనం గేటు దగ్గరికి వచ్చారు. శనివారం మధ్యాహ్నం దాకా పని, ఆ తర్వాత ఆట. ఇల్లు, పని, మైదానం నడిచే దూరంలో ఉండడమే ఈ పోటీకి ప్రాణం.

దీనికి అచ్చమైన ఉదాహరణ బాల్‌మేన్. మూడువైపులా నీళ్ళున్న ద్వీపకల్పం, మోర్ట్స్ డాక్ ఓడల మరమ్మతు యార్డు, రేవులు, నీటి ఒడ్డునే బర్చ్‌గ్రోవ్ మైదానం. 1915లో ‘పోనీ’ హాలవే అనే ఆటగాడి నాయకత్వంలో బాల్‌మేన్ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. 1915, 1916, 1917 మూడేళ్ళూ టైటిల్ దానిదే. దీన్ని కేవలం ప్రతిభ అంటే నేను ఒప్పుకోను. నివాస నియమం ఉన్న పోటీలో పనీ ఇళ్ళూ ఒకేచోట కిక్కిరిసిన పేటకి ఆటగాళ్ళు కదలకుండా ఉంటారు. యుద్ధం ఆ సానుకూలతని ఇంకా పెంచింది.

దీనికి సరిగ్గా ఎదురు కొసన ఉన్నది ఆనన్‌డేల్. రెండు వాగుల మధ్య ఇరుక్కున్న ఇరుకు పేట: ఒక పక్క జాన్‌స్టన్స్ క్రీక్, ఇంకో పక్క వైట్స్ క్రీక్. చుట్టూ పెద్ద జట్లు. 1910లో పోటీలోకి వచ్చిన ఈ క్లబ్బుకి ఆటగాళ్ళు దొరికే జాగా మొదటినుంచీ తక్కువే. అలాంటి క్లబ్బుకి నియమం ఒక్కటే ఆయుధం. ఒక్క మంచి ఆటగాడు తన గట్టు మీద ఉంటే వాణ్ణి వదులుకోదు.

డేవీస్ బొగ్గుగనుల ఊరు న్యూకాజిల్ నుంచి వచ్చాడు. నియమం తడబడేది ఇలాంటి వాళ్ళ దగ్గరే. పుట్టి పెరిగినవాడి ఇల్లు ఏదో అందరికీ తెలుసు. పనికోసమో ఆటకోసమో వచ్చి అద్దె గదిలో దిగినవాడి ‘ఇల్లు’ ఏది? పెట్టె పెట్టిన చోటా, అద్దె కట్టిన చోటా, నిజంగా పడుకున్న చోటా? ఆనన్‌డేల్‌పై గ్లీబ్ గెలిచిన మ్యాచ్‌లో డేవీస్ గ్లీబ్ తరఫున ఆడాడు. అతను మా పరిధివాడని ఆనన్‌డేల్ ఫిర్యాదు చేసింది. లీగ్ ఒప్పుకుంది. గ్లీబ్‌కి రెండు పాయింట్లు కోత, డేవీస్‌కి జీవితకాల నిషేధం.

పాయింట్ల కోత వరకు అర్థం చేసుకోవచ్చు. ఒక్కో జట్టు మిగతా ఏడింటితోనూ రెండేసిసార్లు ఆడే పోటీలో మొత్తం 14 మ్యాచ్‌లు, 28 పాయింట్లు. పట్టికలో మొదటి స్థానంలో ఉన్నవాళ్ళే ఛాంపియన్లు కాబట్టి రెండు పాయింట్ల దెబ్బ గట్టిదే, కానీ నియమం తప్పినందుకు అది సరిపోయే శిక్ష. జీవితకాల నిషేధం మాత్రం నా దృష్టిలో తెలివితక్కువ పని. చిరునామా తప్పుకీ రెఫరీని కొట్టినవాడి తప్పుకీ తేడా ఉండాలి. పైగా ఎక్కడ పేరు నమోదు చేయాలో చూసుకోవాల్సింది క్లబ్బు. భారమంతా ఆటగాడి నెత్తిన పడింది.

గ్లీబ్ మొదటి జట్టు ఆటగాళ్ళు ఆడబోమన్నారు. క్లబ్బు కిందిస్థాయి ఆటగాళ్ళని దింపాల్సి వచ్చింది. లీగ్ వెనక్కి తగ్గకుండా సమ్మె చేసినవాళ్ళని సస్పెండ్ చేసింది. వాళ్ళలో ఫ్రాంక్ బర్జ్ ఉన్నాడు. ఆ కాలపు ఫార్వర్డ్‌లలో అతన్ని మించినవాడు లేడనే చెప్పాలి. మనుషుల కరువున్న కాలంలో ఉన్న మంచి ఆటగాళ్ళని తనే బయటికి పంపిన సంస్థని ఏమనాలి? కూర్చున్న కొమ్మని నరుక్కోవడం అంటే ఇదే.

ఈ గొడవని ఒంటరిగా చూస్తే అల్లరిలా కనిపిస్తుంది. నగరంతో కలిపి చూడాలి. అదే చలికాలంలో, ఆగస్టు 2న, రాండ్విక్ ట్రామ్ వర్క్‌షాపు, ఈవ్‌లీ రైల్వే వర్క్‌షాపు కార్మికులు పని ఆపేశారు. కారణం ఒక కార్డు. ఎవరు ఏ పని ఎంతసేపు చేశారో పైవాళ్ళు కార్డు మీద రాస్తారు. తన గురించి ఏం రాశారో కార్మికుడు చూడ్డానికి వీల్లేదు. ఆ సమ్మె రేవులకి, గనులకి పాకి, లక్షకి దగ్గరగా జనం బయటికొచ్చారు. గ్లీబ్, బాల్‌మేన్, న్యూటౌన్ మైదానాల చుట్టూ నిలబడే జనం చాలావరకు వీళ్ళే. తమ మీద తీర్పు రాసేవాళ్ళు తమకి జవాబు చెప్పరన్న కోపం వర్క్‌షాపులోనూ అదే, గ్లీబ్ డ్రెస్సింగు రూములోనూ అదే. ఒకదాన్ని చూసి ఇంకొకటి పుట్టిందని అనను. రెంటినీ అనుభవించింది ఒకే మనుషులని మాత్రం అంటాను.

సమ్మెని విరగ్గొట్టడానికి పల్లెల నుంచి రప్పించిన స్వచ్ఛంద సేవకులకి ప్రభుత్వం బస చూపించింది. ఎక్కడనుకున్నారు? సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌లో. ఎస్.సి.జి. అన్న మూడక్షరాలకి సమ్మెలో ఉన్నవాళ్ళు కొత్త అర్థం చెప్పుకున్నారు: ‘స్కాబ్స్ కలెక్టింగ్ గ్రౌండ్’, అంటే సమ్మె ద్రోహుల్ని పోగేసే మైదానం. ట్రామ్‌లు అరకొరగా తిరిగాయి. అలాంటి వారాల్లో ఇంటినుంచి నడిచిపోయే మైదానాలున్న పోటీకి, ట్రామ్ ఎక్కితే తప్ప జనం రాలేని పోటీకన్నా తట్టుకునే శక్తి ఎక్కువ. పేటని పట్టుకోవడం లీగ్‌ని ఇక్కడ మళ్ళీ కాపాడింది.

సమ్మె చేసిన గ్లీబ్ ఆటగాళ్ళ మీద సస్పెన్షన్‌ని లీగ్ తర్వాతి సీజన్‌కి ముందే సడలించింది. ఇది పెద్దమనసు కాదు, అవసరం. గేటు వసూళ్ళతో బతికే సంస్థ పేరున్న ఆటగాళ్ళు లేకుండా ఇంకో ఏడాది నెట్టుకురాలేదు. తిరిగొచ్చిన బర్జ్ 1918లో 14 మ్యాచ్‌లలో 24 ట్రైలు చేశాడు. ఫార్వర్డ్‌ స్థానంలో ఆడుతూ ఒక సీజన్‌లో అన్ని ట్రైలు చేయడం రికార్డు.

డేవీస్‌కి ఆ సడలింపు లేదు. అతను న్యూకాజిల్ తిరిగి వెళ్ళాడు. అక్కడి వెస్టర్న్ సబర్బ్స్ క్లబ్బు అతన్ని ఆడించడంతో, సిడ్నీ వేసిన నిషేధం న్యూకాజిల్‌లో చెల్లుతుందా చెల్లదా అన్న కొత్త తగవు లేచి, అక్కడి లీగ్ రెండుగా చీలింది. తిరగబడ్డ వర్గానికి రష్యా వార్తల పుణ్యమా అని ‘బోల్షెవిక్‌లు’ అన్న పేరు పడింది. ఫిర్యాదులో గెలిచిన ఆనన్‌డేల్ 1920 సీజన్ తర్వాత పోటీలోంచే పోయింది. మరుసటి ఏడాది ఆ చోటులోకి సెయింట్ జార్జ్ వచ్చింది. నివాస నియమం మాత్రం 1950ల చివరిదాకా పుస్తకాల్లో అలాగే ఉంది.